ఎండిన మొక్కల పేజీ

చింపిన ప్రూఫు కాగితాలు హాల్లో ఫ్యాను గాలికి అటూ ఇటూ దొర్లుతున్నాయి. చింపినాయన సోఫాలో కూచుని రొప్పుతున్నాడు. రాసినావిడ వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. పొయ్యి మీద పాలు పొంగి, మాడువాసన ఇల్లంతా కమ్ముకుంటున్నా ఇద్దరిలో ఎవరూ కదలటం లేదు.

"ఏమే, పాలు మాడతన్నయ్," అన్నాడు కోటేశ్వరరావు.

"మాడనీండి," అంది రామలక్ష్మి.

పాతికేళ్ల కాపురంలో ఆమె నోటి వెంట అలాంటి మాట రావటం అదే మొదలు. పాలచుక్క నేలపాలైతే మనసు చివుక్కుమనే మనిషి. కోటేశ్వరరావు తెల్లబోయి చూసి, తనే లేచి వెళ్లి స్టవ్వు కట్టేసి, వచ్చి మళ్లీ కోపంగా కూచున్నాడు. మధ్యలో లేచి ఓ పని చేసొస్తే ఎవరి కోపమైనా సగం చల్లారాలి. ఆయనది చల్లారలేదు.

"ఎవురినడిగి రాశావు ఆ ముక్క?"

"పత్రిక చరిత్ర నన్ను రాయమంది మీరేగా. మీటింగులో నలుగురి ముందూ మీరే చెప్పారు."

"చరిత్ర రాయమన్నా. మా నాన్నని బజారుకీడ్వమన్లా."

ఆ మాటకు రామలక్ష్మి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మామగారంటే ఆమెకు ప్రాణం. హనుమంతరావు మాస్టారు నరసరావుపేట ఉద్యాన మిత్రమండలిని పెట్టి, సభ్యుల కోసమని ‘పచ్చపందిరి’ మాసపత్రికను సైక్లోస్టైల్ యంత్రం మీద మొదలుపెట్టి, పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయేదాకా తనే నడిపాడు. ఆ తర్వాత ‘నువ్వు చూసుకో తల్లీ’ అని కోడలికి అప్పజెప్పాడు. ఈ ఆదివారం మండలి కట్టించిన కొత్త హాలుకు ఆయన పేరు పెడుతున్నారు. ఆ సభలోనే చరిత్ర సంచిక విడుదల. మండలి అధ్యక్షుడు కోటేశ్వరరావే. తండ్రి ఫొటోకు వెయ్యటానికి గంధపు దండ కూడా కొనుక్కొచ్చి బీరువాలో పెట్టుకున్నాడు.

చరిత్రంతా ఆయనకు నచ్చింది. ఒక్క పేరా తప్ప.

ఊరి చివర పెద్దకుంటను గుర్రపు డెక్క మింగేసిన సంగతి అది. ఊదారంగు పూలు ముచ్చటగా ఉన్నాయని మాస్టారే ఆ మొక్కను గోదావరి వైపు నుంచి తెచ్చాడు. నీటితొట్లలో పెంచుకోండని పత్రికలో రాశాడు. నర్సరీ కాలేషా దాన్ని పిలకలు చేసి సభ్యులందరికీ పంచాడు. ఏడాది తిరిగేసరికి అది పెద్దకుంటలో తేలింది. ఆపైన నీళ్లు కనపడితే ఒట్టు. చేపలు చచ్చాయి. దిగిన బర్రెలు ఆ వేళ్లల్లో చిక్కుకుని మునిగిపోయాయి. కుంట కింద సాగు చేసుకునే రైతులు కర్రలు పట్టుకుని మండలి మీదికి వచ్చారు. కుంటలో మొక్క పడేసింది నర్సరీ కాలేషా అని ‘పచ్చపందిరి’ మొదటి పేజీలో అచ్చయింది. కాలేషాను మండలిలోంచి తీసేశారు. కొనేవాళ్లు లేక ఆయన నర్సరీ ఎండిపోయింది. సైకిల్ పంక్చర్లు వేసుకుంటూ బతికాడు.

పడేసింది కాలేషా కాదు. ఈ ఇంటి మొక్కే కుంటకు పోయిందని పోయిన వారం వత్తులు చేసుకుంటూ అత్తగారు ప్రమీలమ్మే చెప్పింది. చెప్పింది చెప్పినట్టు, ఆవిడ పేరు మాత్రం ఎత్తకుండా, ‘ఆ మొక్క సంపాదకుడి ఇంటి నుంచే కుంటకు చేరింది’ అని రామలక్ష్మి రాసింది. పొద్దున ఆ పేరా మీద గొడవ మొదలైనప్పటి నుంచీ ప్రమీలమ్మ గదిలోంచి బయటికి రాలేదు. కాఫీ కూడా ముట్టలేదు.

"ముసలావిడ ఏదో మతిలేక వాగితే రాసేయటమేనా?" అన్నాడు కోటేశ్వరరావు.

"అత్తయ్యకి మతిలేదని మీరు చెప్పాలా? నిన్న కూరగాయలవాడి దగ్గర ఒక్క రూపాయి పోనివ్వలేదు ఆవిడ."

"సరే. నువ్వు రాసిందీ వద్దు, పాతదీ వద్దు. అసలు కుంట ఊసే తీసెయ్."

"ఎట్టా తీసేస్తాను? ఊళ్లో తలపండిన ప్రతివాడికీ కుంట సంగతి తెలుసు. కరీమున్నీసాని ఇప్పటికీ ‘కుంట కాలేషా కూతురు’ అనే పిలుస్తున్నారు. మనం నోరు మూసుకుంటే ఆ పేరు అట్టాగే ఉంటది."

"ఉంటే మనకేంది?"

 ఆమె వంగి, కాళ్ల దగ్గరికి దొర్లిన ఓ కాగితం ముక్క తీసి టీపాయ్ మీద పెట్టింది.

టీపాయ్ మీద ఫోను మోగింది. ప్రెస్సు నుంచి ఫహీమ్. రామలక్ష్మి స్పీకర్ పెట్టింది.

"మేడమ్, సార్ పొద్దున్నే ఫోన్ చేసి ఆ పేరా తీసేసి, పాత పత్రికలో ఉన్నట్టే కాలేషా పేరుతోనే ఎయ్యమన్నారు. మీరేమో మీరు రాసిందే ఉంచమన్నారు. నేనేది ఎయ్యాలి? సాయంత్రానికి అచ్చు ప్లేట్లు తీయకపోతే ఆదివారానికి పుస్తకం రాదు."

రామలక్ష్మి భర్త వైపు తిరిగింది. అంటే ఇప్పటిదాకా చెప్పిన ‘కుంట ఊసే తీసెయ్’ కూడా పైపై మాటే. వెనక నుంచి పాత అబద్ధానికే మళ్లీ అచ్చు వేయిస్తున్నాడన్నమాట. ఒళ్లు మండిపోయింది ఆమెకు.

"నాకు చెప్పకుండా ప్రెస్సుకి చెప్పారా?"

"నేను అధ్యక్షుణ్ణి."

"నేను సంపాదకురాల్ని. అబద్ధం ఒకసారి అచ్చయింది, ఒక మనిషి నాశనమయ్యాడు. అది రెండోసారి నా చేతి మీదుగా అచ్చవదు. నన్ను తీసేసి ఇంకొకర్ని పెట్టుకోండి."

"పెట్టుకుంటా. నీకన్నా బాగా రాసేవోళ్లు చానామంది ఉన్నారు."

ఫహీమ్ అవతల గొంతు సవరించుకుని, "నేను మళ్లీ చేస్తా మేడమ్," అని పెట్టేశాడు. పాపం, మొగుడూ పెళ్లాల మధ్య వేలు పెట్టి బాగుపడినవాడు ఎవడున్నాడు.

వీధిలో స్కూటీ ఆగిన చప్పుడయింది. కిటికీలోంచి చూసిన కోటేశ్వరరావు మొహం మాడిపోయింది.

"వాళ్లకి ముందే పంపావా రాసింది?"

"కరీమున్నీసాకి వాట్సాప్ చేశాను. వాళ్ల నాన్న గురించి రాసింది, వాళ్లు చూడొద్దా?"

వినుకొండ రోడ్డులో నర్సరీ నడుపుకునే కరీమున్నీసా తండ్రి చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. ఎనభైకి దగ్గరపడిన కాలేషా తెల్ల లుంగీ, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మండలిలోంచి తీసేసిన రోజు నుంచీ ఈ గడప తొక్కని మనిషి. గుమ్మంలో ఆగి ఇంటిని ఓసారి కలయజూశాడు.

కోటేశ్వరరావు లేవకూడదనుకుంటూనే లేచి నిలబడ్డాడు. "రా మామా, కూచో," అన్నాడు. చిన్నప్పుడు పిలిచిన పిలుపు, ఇన్నేళ్లకు నోటికి దానంతటదే వచ్చింది.

కాలేషా కుర్చీ అంచున కూచున్నాడు. రామలక్ష్మి మంచినీళ్లిచ్చింది. ఆయన తాగి, గ్లాసు కింద పెట్టి, కాగితం ముక్కల వైపు చూసి, "ఇదేనా?" అన్నాడు.

"ఇదే బాబాయ్," అంది రామలక్ష్మి.

"మా అమ్మాయి చదివి వినిపించింది. బాగా రాశావమ్మా. తీసెయ్."

కరీమున్నీసా తండ్రి భుజం పట్టుకుని ఊపింది.

"ఏందబ్బాజాన్ నువ్వనేది? ‘తీసుకెళ్లు, నేను మాట్లాడాలి’ అని నువ్వంటే ఎంతో సంతోషపడి తీసుకొచ్చా. దీనికా?"

"నన్ను చెప్పనీ." కాలేషా కూతురి చెయ్యి తీసేసి కోటేశ్వరరావు వైపు తిరిగాడు. "ఎండిన మొక్క పేజీ ఇంకా ఏస్తన్నారా?"

"ఏస్తన్నాం మామా."

‘పచ్చపందిరి’ పరువంతా ఆ పేజీలోనే ఉంది. సభ్యుల్లో ఎవరి మొక్క చచ్చినా, చంపినవాళ్లు పేరుతో సహా ఒప్పుకోవాలి. సాకులు చెప్పకూడదు. వేడి గంజి పోసి మల్లెతీగను చంపిన హెడ్మాస్టరు గారు, చీమలు పట్టాయని కిరసనాయిలు పోసి గులాబీని మాడ్చిన ప్లీడరు గారు, అందరూ ఆ పేజీకి ఎక్కినవాళ్లే. పేజీకి ఎక్కినవాళ్లు ఆ నెల సమావేశంలో అందరికీ తమ చేత్తో టీ పోయాలి. మిగతావాళ్లు ఆట పట్టిస్తూ ఆ టీ తాగాలి. తాగాక ఇక ఆ తప్పు ఊసెత్తకూడదు. అది మాస్టారు పెట్టిన ఆచారం. ఆ ఒక్క ఆచారం వల్లే మండలి ఇన్నేళ్లు చీలకుండా నిలబడిందని ఊళ్లో అంటారు.

"నా కనకాంబరాలు కుళ్లిపోయినప్పుడు నేనూ ఎక్కా ఆ పేజీ," అన్నాడు కాలేషా. "నీళ్లెక్కువ పోశానని ఒప్పుకున్నా. కలెక్టరాఫీసు పెద్దాయన ఉన్నాడు ఆ మీటింగులో. నా చేత్తో టీ పోశా, తాగాడు. ఏం కాలేషా, మొక్కలకి పోసినట్టు నాకూ ఎక్కువ పోశావే అన్నాడు. ఎంత నవ్వుకున్నామో."

ఆయన మొహం ఒక్క నిమిషం వెలిగింది.

"కుంట సంగతి మాత్రం ఆ పేజీలో వెయ్యలా. ముందు పేజీలో వేశారు. ‘నర్సరీ కాలేషా’ అని వేశారు గానీ ‘సభ్యుడు’ అని వెయ్యలా. సభ్యుడినైతే నన్నడగాలిగా. వెనక పేజీలో పేరేసి, టీ పోయించుకోవాలిగా. అడగలా, పోయించుకోలా. బయటోణ్ణి చేశారు. నర్సరీ పోయినందుక్కాదు నాకు. పంక్చర్లు ఏసుకునైనా బతికా. ప్రతి నెలా మొదటాదివారం మీరంతా కూచునే చోటు ముందునుంచి సైకిలు మీద పోతా, అలవాటుగా బ్రేకేసి, మళ్లీ తొక్కుకుంటా పోయేవాణ్ణి."

"అందుకే మామా..." అని ఏదో అనబోయాడు కోటేశ్వరరావు.

"ఇప్పుడు ఎయ్యండి. ఆ పేజీలో. ‘సభ్యుడు కాలేషా, పెద్దకుంటలో మొక్క పారేశాడు’ అని. ఆదివారం వస్తా. టీ పోస్తా. తాగండి. అంతే నేనడిగేది."

"చెయ్యని తప్పు ఎట్టా ఒప్పుకుంటావు?" కరీమున్నీసా తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది. "నర్సరీలో మొక్క కొన్నోళ్లు డబ్బులిచ్చేదాకా నవ్వతా మాట్లాడి, గేటు దాటగానే కుంట కాలేషా కూతురంటన్నారు. ఇవాళ రామలక్ష్మక్క రాసింది చూసి ఏడ్చాను నేను. నువ్వు దాన్ని చెరిపేస్తానంటన్నావు."

"నీకు ముందు బోలెడు కాలం ఉంది తల్లీ. నాకు ఈ ఆదివారమే ఉంది. మాస్టారిదే తప్పని రాస్తే వీళ్లు నన్ను ఆ హాల్లోకి రానిస్తారా? కొడుకు మొహం చూడు."

కొడుకు మొహం అప్పటికే తేటపడింది. నెత్తిన పెట్టుకున్న బండ ఎవరో దించినంత ఊపిరి తీసుకున్నాడు. "పెద్దమనిషి మాట్లాడాడు," అన్నాడు భార్యతో. "విన్నావుగా? మనం అనలా, ఆయనే అంటన్నాడు. సభ్యత్వం ఇవాళే ఇస్తా. ముందు వరసలో కుర్చీ ఏయిస్తా."

రామలక్ష్మికి సిగ్గేసింది. భర్తను చూసి, తనను చూసుకుని కూడా. ఈ ముసలాయన అడిగింది ఇస్తే అచ్చమైన అబద్ధం. ఇవ్వకపోతే, నిజం నిజమంటూ ఆయన చివరి కోరికను కాలరాయటం. నిజం రాసి మహా గొప్ప పని చేశానని పొద్దుటిదాకా మురిసిపోయింది. నీకేం కావాలని ఒక్కసారైనా ఆయన్ను అడిగిందా? ఆ మాటకొస్తే మామగారూ అడగలేదు. ఇద్దరూ అడక్కుండా రాసినవాళ్లే.

"బాబాయ్, నిజం రాసినా మిమ్మల్ని సభ్యుణ్ణి చేయిస్తాను. నా మాట నమ్మండి."

"నువ్వు మంచిదానివమ్మా. మంచోళ్ల మాట మీటింగుల్లో చెల్లదు."

కోటేశ్వరరావు అప్పటికే ఫోను తీసి ఫహీమ్‌కు కలిపాడు. అందరూ వినాలని కాబోలు, స్పీకర్ పెట్టాడు.

"ఫహీమూ, కుంట పేరా పూర్తిగా తీసెయ్. వెనక పేజీలో, ఎండిన మొక్క కింద, ఒకటి కలుపు. రాసుకో. సభ్యుడు కాలేషా..."

"ఆ పేరు కొట్టెయ్ ఫహీమూ."

గది తలుపు తెరుచుకుంది. ప్రమీలమ్మ గోడ పట్టుకుని నడిచొచ్చింది. జుట్టు ముడి వేసుకోలేదు. పొద్దుటి నుంచీ ఏడ్చిన కళ్లు వాచి ఉన్నాయి. కాలేషా కుర్చీలోంచి లేవబోతే చేత్తో వారించింది.

"కూచో కాలేషా అన్నా. ఇన్నేళ్లూ నిన్ను నిలబెట్టింది చాలు."

"అమ్మా, లోపలికి పో," అన్నాడు కోటేశ్వరరావు.

ఆవిడ కొడుకును పట్టించుకోలేదు. ఫోను వైపు వంగి, దానికేదో చెవుడున్నట్టు గట్టిగా చెప్పింది. "నా పేరు రాసుకో నాయనా. సభ్యురాలు ప్రమీల. నా పుట్టింటి గంగాళం ఖాళీ చేసుకోవాలని దాన్నిండా ఉన్న గుర్రపు డెక్కని పెద్దకుంటలో దిమ్మరించాను. ఎంత చెప్పినా ఆయన ఆ మొక్కని వేరే దాన్లోకి మార్చలా. ఇంటికి చుట్టాలొస్తే నీళ్లు కాచుకోవటానికి గంగాళం లేదు. కోపమొచ్చి పోశాను. అంతే. సాకు చెప్పకూడదుగా, ఆ కోపం సంగతి తీసెయ్."

కాలేషా చేతులు కుర్చీ అంచును గట్టిగా పట్టుకున్నాయి.

"మీరా చెల్లెమ్మా?" అన్నాడాయన.

"నేనే. కుంట కిందోళ్లు మన మీదికొచ్చిన సాయంత్రమే ఆయనకి చెప్పాను. నేను చూసుకుంటాలే అన్నారు. ఆ నెల పత్రికలో చూస్తే నీ పేరుంది. ఇదేందని అడిగితే, సంపాదకుడి పెళ్లామే పడేసిందంటే ఇంక ఎవరన్నా మన పత్రిక చదువుతారా అన్నారు. నేను నోరు మూసుకున్నా. నా తప్పు కుంటలో పొయ్యటం కాదన్నా, నోరు మూసుకోవటం."

రామలక్ష్మి వెళ్లి అత్తగారి భుజం చుట్టూ చెయ్యి వేసింది.

కోటేశ్వరరావు మాత్రం తల్లి వైపు చూడలేదు. ఆయన కళ్ల ముందు ఆదివారం సభ, హాలు మీద తండ్రి పేరు కనపడుతున్నాయి.

"ఫహీమూ, ఇదేం రాసుకోబాక. అమ్మకి వయసైపోయింది, ఏం మాట్లాడతందో తెలవటం లేదు." తల్లి వైపు తిరిగాడు. "అసలు నువ్వు చెప్పేది ఎవురన్నా నమ్ముతారా? అది ఇత్తడి గంగాళం. నిండా నీళ్లు, పైన ఆ మొక్క. ఇంటి దగ్గర్నుంచి కుంట దాకా ఒక్కదానివి ఎట్టా మోశావు? నువ్వు చెప్తే నలుగురూ నవ్వరా? చెప్పు, ఎట్టా మోశావు?"

ప్రమీలమ్మ కొడుకు మొహంలోకి సూటిగా చూసింది.

"ఒక్కదాన్నే మోశానని నేనెప్పుడన్నాను కోటేశ్వరా?"

"మరి?"

"గంగాళానికి చెవులు రెండు. ఒకటి నేను పట్టుకున్నా. నాకు బలముందమ్మా, నేను పడతానని రెండోది ఎవరు పట్టుకున్నారో నేను మర్చిపోలా. నువ్వు మర్చిపోయావా?"

కోటేశ్వరరావు చేతిలోని ఫోను టీపాయ్ మీద పెట్టేశాడు. రామలక్ష్మి చెయ్యి అత్తగారి భుజం మీది నుంచి జారిపోయింది. కుంట సంగతి వచ్చినప్పుడల్లా ఈయన లేచి బయటికి వెళ్లిపోవటం, తండ్రి పరువు తండ్రి పరువని గొంతు చించుకోవటం, అంతా ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది. ఈయనకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసే పొద్దున ప్రెస్సుకు ఫోన్ చేశాడు.

కాలేషా మెల్లగా లేచాడు. కూతురు చెయ్యందిస్తే పట్టుకోలేదు. కోటేశ్వరరావు ముందు నిలబడి, కోపం కూడా లేని గొంతుతో అడిగాడు.

"అప్పుడు చిన్నోడివి, ఏం తెలుసు నీకు. అది కాదు నేనడిగేది. నేనిందాక నా పేరు ఎయ్యమన్నప్పుడు, ఎయ్యనిస్తివే?"



ఫోను ఇంకా పెట్టెయ్యలేదన్న సంగతి అందరూ మరిచిపోయారు. అందులోంచి ఫహీమ్ గొంతు బెరుగ్గా వచ్చింది. "మేడమ్, ప్రమీలమ్మ గారి పేరు రాసుకున్నా. రెండో పేరు కూడా ఎయ్యాలా? ఎవరిదని రాసుకోమంటారు?"

రామలక్ష్మి ఫోను అందుకుంది. ఆమె చెప్పొచ్చు. రెండు ముక్కల్లో అయిపోతుంది. కానీ ఆ పేజీలో ఎవరి పేరైనా వాళ్ల నోటి వెంటే రావాలి.

ఆమె ఫోను తీసుకెళ్లి భర్త నోటి దగ్గర పెట్టి నిలబడింది.